డొక్క ఆడని కంప్యూటర్

ఇప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్ మొరాయిస్తే టికెట్ అని ఒకటి వేస్తారట, దానికొక నంబరు వస్తుందట. మా మనవరాలు చెప్పింది. బెంగళూరులో ఆమె ఉద్యోగమే అది, ఎక్కడెక్కడి వాళ్ళ కంప్యూటర్లకో ఫోనులోనే వైద్యం చేయడం. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది. "అవ్వా, వీళ్ళకేం కావల్లో వీళ్ళకే తెలీదు. పని చెయ్యలేదంటారు. ఏది చెయ్యలేదంటే ఏదీ చెయ్యలేదంటారు. ఇట్లాటివాటికి నేను జవాబే రాయను, పక్కన పడేస్తాను" అంది.

పక్కన పడేయడం అన్న మాటకు నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. చెప్పాను. మాతోటి పిల్లలకూ పనికొస్తుంది, రాసిపెట్టు అవ్వా అంది. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు నాది. చేతిరాత వంకరగా ఉంటుంది. జ్ఞాపకం మాత్రం తిన్నగా ఉంటుంది, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

కృష్ణగిరి తెలుగు బడిలో చదివి, పెళ్ళయి హోసూరు వచ్చి, తొంభైల మొదట్లో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. మోటారు బండ్లకు గేర్లు చేసే ఫ్యాక్టరీ. తెలుగు, తమిళం, కన్నడం మూడూ నోటికి వచ్చేవి కాబట్టి ఆ పని ఇచ్చారు. నెల తిరగకముందే లోపలి ఫోన్ నంబర్లన్నీ కంఠతా వచ్చాయి. ఎవరైనా "హలో" అంటే చాలు, ఏ సెక్షను, ఎవరు, ఆ రోజు ఇంట్లో పోట్లాడి వచ్చారా లేదా అన్నది కూడా చెప్పగలిగేదాన్ని.

కొన్నేళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకోవడానికి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఫ్యాక్టరీ మొత్తం ఆ ఇద్దరికే ఫోన్లు చేసేది. వాళ్ళలో పెద్దవాడు, అంటే అప్పటికి ముప్పై కూడా లేవు, కోయంబత్తూరు వైపు అబ్బాయి, విసిగిపోయి నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఇకమీదట ఫిర్యాదులన్నీ నువ్వే తీసుకో. రిజిస్టర్‌లో రాయి. రాసినవే మేము చూసి, పక్కన సంతకం పెడతాం" అన్నాడు తమిళంలో. ఒక అట్ట మీద తొమ్మిది ఫిర్యాదుల పేర్లు ఇంగ్లీషులో రాసిచ్చాడు. తెర వెలగలేదు, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, పాస్‌వర్డ్ మరిచారు, ఇలాంటివి. ఇంగ్లీషు అక్షరాలు నాకు అంతంత మాత్రం. ముగ్గు నేర్చుకున్నట్టు ఆ తొమ్మిదీ చూసి చూసి దిద్దుకున్నాను. వారం తిరిగేసరికి అట్ట అవసరం లేకపోయింది.

ఫోన్లు ఎలా వచ్చేవో ఒకటి చెబుతాను. స్టోర్స్ గుమాస్తా ఒకాయన.

"అమ్మా, అది రాలేదు."

"ఏదప్పా రాలేదు?"

"అదే, దినామూ వచ్చేది."

"దినామూ ఏమొస్తాది?"

"వచ్చింటే చూసి చెప్పుదును. రాలేదు కదా."

ఇలాంటి వాళ్ళతో ఎలా మాట్లాడాలో నేను త్వరగానే పట్టేశాను. కంప్యూటర్ గురించి అడగకూడదు. "నీ బల్లమీద ఏమేముండాయో ఎడమ చేతి దిక్కునుంచి చెప్పుకుంటా రాప్పా" అనేదాన్ని. వక్కాకు సంచి, టీ గ్లాసు, లావు పుస్తకం, అని చెప్పుకుంటూ పోయేవాడు. ఆ లావు పుస్తకం కీబోర్డు మీదే ఉండేది. "దాన్ని ఎత్తి పక్కన పెట్టు" అంటే, "ఆ, వచ్చిందమ్మా, నువ్వు గెట్టిదానివి" అని ఫోన్ పెట్టేసేవాడు. సగం జబ్బులు ఇలా కుర్చీలోంచి కదలకుండా నయం చేశాను. ఇంజనీర్లు కూడా ఇది చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

గొప్ప వచ్చాక దాని వెనకే గర్వం వచ్చింది. నాకు నేనే ఒక చట్టం పెట్టుకున్నాను. తొమ్మిదింట్లో ఒకటైతేనే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. కాకపోతే, నాతోనే తీరితే తీరుతుంది, లేకపోతే "సరిగ్గా చూసి మళ్ళీ ఫోన్ చెయ్యప్పా" అని పెట్టేస్తాను. నిజానికి ఆ తొమ్మిది తప్ప వేరే ఇంగ్లీషు రాయడం నాకు రాదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చట్టం అంటే గౌరవంగా ఉంటుంది కదా. మూడు నెలల్లో రిజిస్టర్‌లో ఫిర్యాదులు సగానికి తగ్గాయని నోటీసు బోర్డులో వేశారు. నేను ఆ బోర్డు ముందు నుంచి అవసరం లేకపోయినా నాలుగుసార్లు నడిచాను.

ఆ ఏడాది ఆయుధపూజ వచ్చింది. ఫ్యాక్టరీల్లో ఆ పండుగ ఎలా చేస్తారో తెలిసిన వాళ్ళకు తెలుసు. ఎవరి మిషను వాళ్ళు కడిగి, తుడిచి, గంధం పూసి, బొట్టు పెట్టాలి. ఇంకొకరి చేత చేయించరు. లేతుకు, డ్రిల్లుకు, చక్రాల బండికి ఎన్నేళ్ళుగానో చేస్తున్నదే. కంప్యూటర్లు వచ్చాక వాటినీ ఎందుకు తక్కువ చేయాలని వాటికీ చేశారు. తెర మీద మూడు గీతలు, మధ్యలో బొట్టు, పైన మామిడాకుల తోరణం. కీబోర్డు మీద కూడా గంధం. ఫర్నేస్ దగ్గర వాళ్ళు ఇంకా భక్తిపరులు. కంప్యూటర్‌కు వేడి లెక్క పంపే పెట్టెను తెరిచి, లోపల వైర్లు కూడా ఒక్కొక్కటి తడిగుడ్డతో తుడిచారు.

సెలవు ముగిసి ఫ్యాక్టరీ తెరిచిన రోజు నాకు ఊపిరాడలేదు. స్టోర్స్ ఆయన, ఏ అక్షరం నొక్కినా లోపలికి పోయి బయటికి రాలేదు అన్నాడు. అంతకుముందే టైమ్ ఆఫీసు వాళ్ళు, తెర పైభాగం చీకటిగా ఉంది అన్నారు. తోరణం జారి ముందుకు పడింది. ఇవేవీ తొమ్మిదింట్లో లేవు. ఒక్కొక్కరికీ ఏదో చెప్పి ఫోన్ పెట్టేస్తున్నాను.

అప్పుడు ఫర్నేస్ నుంచి ఫోన్ వచ్చింది. గేర్లను కాల్చి గట్టిపరిచే చోటు అది. చేసింది ఒక పెద్దాయన. బేరిగై దగ్గరి మనిషి, గొర్రెలు మేపిన ఇంటివాడు, ఫ్యాక్టరీ కట్టినప్పటి నుంచి ఉన్నాడు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఫోనంటే భయం ఆయనకు, గట్టిగా మాట్లాడతాడు.

"అమ్మా, ఈ కంప్యూటర్ డొక్క ఆడలేదమ్మా."

"ఏమాడలేదు?"

"డొక్క. నిలబడుకొనే ఉండాది గానీ డొక్క ఆడలేదు. కొంచేపు ఆడతాది, కొంచేపు ఆడదు."

"అంకెలు కనిపిస్తా ఉండాయా?"

"కనిపిస్తా ఉండాయి."

"తప్పు అని ఏమైనా రాసిందా?"

"ఏమీ రాయలేదు. అంకె బాగానే ఉండాది."

"మరి బాగుండేదానికి ఏమిటికప్పా ఫోన్ చేసినావు? ఈడ నాకు వంద ఫోన్లుండాయి."

"అట్ల కాదమ్మా..."

"తెరమీద ఏమన్నా రాస్తే, అప్పుడు చెయ్యి. అంతవరకూ దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాను. ఇంజనీర్ల కట్టడి అది, కంప్యూటర్‌ను ఎవరూ ముట్టకూడదని.

ముక్కాలు గంట తర్వాత మళ్ళీ చేశాడు. "అమ్మా, ఇప్పుడు అసలుకే ఆడలేదు" అన్నాడు. నా చెవిలో ఇంకో ఫోన్ మోగుతోంది. "సరేప్పా, చెప్తాను" అని పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. రాయలేదు. డొక్క అన్నది తొమ్మిదింట్లో లేదు.

నాలుగు రోజుల తర్వాత ఫర్నేస్‌లో ఆ పొద్దు కాలిన గేర్లు తనిఖీకి వచ్చాయి. ఆకురాయితో రుద్దినా గీత పడకూడని గేరు చెక్కలాగా అరిగింది. ఒక లోడు మొత్తం మెత్తగా ఉంది. ఇంజనీర్ వెళ్ళి చూశాడు. పూజకు తుడిచినప్పుడు పెట్టెలో ఒక వైరు వదులైంది. వైరు నుంచి లెక్క రాకపోతే, కంప్యూటర్ ఆఖరి అంకెనే పట్టుకొని అలాగే చూపిస్తూ ఉంటుందట. లోపల వేడి దిగిపోయింది, తెర మీద మాత్రం మంచి అంకె. వేడి ఎంతుందో గీత గీసే కాగితం మీద కూడా గంటన్నర పాటు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత.

వైరు వదులు కావడానికి ఎవరినీ ఏమీ అనలేదు. పూజ అందరిదీ. కానీ గంటన్నర సేపు అంకె కదలకపోతే ముందున్న మనిషి ఏం చేస్తున్నాడని, ఉద్యోగుల సంగతి చూసే పర్సనెల్ మేనేజర్ అడిగాడు. నిద్రపోయాడని ఛార్జిషీటు ఇచ్చారు. డ్యూటీలో నిద్రంటే ఆ రోజుల్లో ఉద్యోగం పోయేది. "నేను ఫోన్ చేసినాను" అన్నాడట పెద్దాయన. లోపలి ఫోన్లకు ఎక్కడా గుర్తు ఉండదు. ఉన్నది నా రిజిస్టర్ ఒక్కటే.

ఇంజనీర్ వచ్చి రిజిస్టర్ తిప్పాడు. "ఫర్నేస్ నుంచి ఏమీ లేదు కదక్కా?"

"లేదు" అన్నాను.

అబద్ధం కాదు. రిజిస్టర్‌లో లేదు. అతను రిజిస్టర్ మూసి వెళ్ళిపోయాడు. ఎనిమిదో తరగతి ఆడదాన్ని, ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ ఎవరిస్తారు అన్న ఒక్క ఆలోచనే ఉంది అప్పుడు.

సాయంత్రం ఇంటికొచ్చి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా అత్తకు చెప్పాను. ఆమెది సామల్పట్టి దగ్గర పల్లె. చిన్నప్పుడంతా మేకల వెంట తిరిగిన మనిషి. కథంతా చెప్పి, "ఏం జెప్పల్లో తెలీక డొక్క, గిక్క అంటాడత్తా. నేనేమని రాసేది?" అన్నాను.

మా అత్త చేతిలో కాయ ఆపింది. "ఆయప్ప ఇంకేం జెప్పల్లంటావు?"

"అంటే?"

"మేక నిలబడే ఉంటాది. కండ్లు తెరుచుకొనే ఉంటాది. బాగుందా లేదా అని యాడ చూస్తారు? డొక్క చూస్తారు. ఊపిరి తీసేది ఆడే తెలుస్తాది. ఆ కంప్యూటర్‌లో అంకె ఎప్పుడూ ఒకటే మాదిరి ఉంటాదా?"

అప్పుడు వెలిగింది నాకు. ఫోన్ పనితో పాటు కాఫీ లెక్కలూ నాకే అప్పగించారు, అవి రాయడానికి ఫర్నేస్‌కు వెళ్ళినప్పుడు నేనే చూశాను. ఆఖరి అంకె ఎప్పుడూ ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడుతూనే ఉంటుంది. ఆగదు. తలుపు తెరిస్తే దిగుతుంది, మూస్తే ఎక్కుతుంది. అది నిలిచిపోయిందని ఆ మనిషి చూశాడు. చూసి, వచ్చిన మాటల్లో సరిగ్గా చెప్పాడు. ఇంజనీరు కూడా అంతకంటే బాగా చెప్పలేడు.

"నిద్రపోయినాడంట" అన్నాను.

"గొర్రెలు కాసినోడు నిద్రపోతాడా? నిద్రపోయింది నువ్వు" అని మా అత్త మళ్ళీ కాయ ఈనె తీసింది. ఆమె నన్ను ఎప్పుడూ గట్టిగా తిట్టేది కాదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు విచారణ. నన్ను ఎవరూ పిలవలేదు. ఫోన్ బోర్డు దగ్గర ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి పర్సనెల్ మేనేజర్ గదికి వెళ్ళాను. సేలం వైపు మనిషి ఆయన, మాటంతా తమిళమే. లోపల ఇంజనీర్, యూనియన్ ఆయన, మూలన పెద్దాయన ఉన్నారు. పెద్దాయన ఉతికిన చొక్కా వేసుకొని, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"సార్, ఆయన ఫోన్ చేసినాడు. రెండుసార్లు. రాయనిది నేను" అన్నాను.

మేనేజర్ నన్ను చూశాడు, ఇంజనీర్‌ను చూశాడు. "నిన్న లేదన్నావట?"

"రిజిస్టర్‌లో లేదన్నాను సార్. అడిగింది అదే."

"ఎందుకు రాయలేదు?"

"ఆయన చెప్పింది ఈ తొమ్మిదిలో లేదు. తొమ్మిదికి మించి ఇంగ్లీషు రాసేది నాకు రాదు సార్."

ఆ మాట నోటి నుంచి వచ్చాక బరువు దిగిపోయింది. అన్ని నెలలు దాచిన మాట. ఇంజనీర్ తల దించుకున్నాడు.

మేనేజర్ నమ్మలేదు. "ఇద్దరూ తెలుగోళ్ళే. పెద్దాయన మీద జాలిపడి వచ్చి చెప్తున్నావు. అయిదు రోజుల కిందటి ఫోన్ మాట నీకు జ్ఞాపకం ఉందని నేనెట్ల నమ్మేది?"

యూనియన్ ఆయనకు కోపం వచ్చింది. నాకు రాలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే, దాన్ని చూపించమని అడుగుతున్నాడు. "సార్, ఆ పొద్దు నేను రాయని ఫోన్లన్నీ వరసగా చెప్తాను. ఎవురెవురు ఏమన్నారో మీరే ఫోన్ చేసి అడగండి" అన్నాను.

మొదలుపెట్టాను. మొదటిది టైమ్ ఆఫీసు, తెర పైభాగం చీకటి. మేనేజర్ ఫోన్ తీసి అడిగాడు. అవును సార్, తోరణం అన్నారు వాళ్ళు. రెండోది స్టోర్స్, నొక్కిన అక్షరం లోపలికి పోయి రాలేదు, గంధం. అడిగాడు. అవునన్నాడు ఆయన. ఇంకేం మాట్లాడితే ఏం వస్తుందోనని ఆయనే వెంటనే పెట్టేశాడు. మూడోది ఫర్నేస్, డొక్క ఆడలేదు. పెద్దాయన మూలనుంచి, "అదే నేను చెప్పింది" అన్నాడు మెల్లగా. నాలుగోది చెప్పబోయి ఆగాను.

"ఏం, మరిచిపోయావా?" అన్నాడు మేనేజర్.

"లేదు సార్. చెప్పమంటారా?"

"చెప్పు."

"నాలుగోది మీది సార్. మీ తెర మధ్యలో ఎర్రగా ఏదో వచ్చింది, ఏం చేసినా పోలేదు అన్నారు. తడిగుడ్డ తీసుకొని బొట్టు తుడుచుకోండి అన్నాను. సరే అని పెట్టేసినారు. అదీ రాయలేదు."

యూనియన్ ఆయనకు దగ్గు వచ్చింది. పోలేదు చాలాసేపు. ఇంజనీర్ కిటికీలోంచి బయట ఏదో చూస్తున్నాడు. మేనేజర్ తన ఫోన్ వైపు చూశాడు. ఈసారి ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని లేదు.

"డొక్క అంటే ఏమిటి?" అని అడిగాడు.

నేను చెప్పబోతుంటే పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయనకు తమిళం బాగానే వచ్చు, ఫోన్‌లోనే రాదు. తన పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, ఊపిరి తీసి చూపించాడు. తర్వాత ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అలాగే నిలబడ్డాడు. గదిలో అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. "చాలు, చాలు" అన్నాడు మేనేజర్.

ఛార్జిషీటు ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. నాకు మెమో ఇచ్చారు. నా పేరు మీద ఇంగ్లీషులో వచ్చిన మొదటి ఉత్తరం అది. చదవడం రాలేదు, ఇంజనీర్ చదివి చెప్పాడు. న్యాయంగానే ఉంది. పాత చీరల పెట్టెలో ఇప్పటికీ ఉంది, మనవరాలికి చూపించాను.

బయటికి వచ్చాక పెద్దాయనకు దండం పెట్టి, తప్పయిందన్నాను. "నీ తప్పేముందమ్మా. నాకు ఫోన్‌లో మాట్లాడేది రాదు" అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

ఇంజనీర్ ఆ వారమే అట్ట మీద తొమ్మిది కింద పదోది గీశాడు. దానికి పేరు లేదు, ఖాళీ గడి. రిజిస్టర్‌లోనూ అలాంటి గడే గీశాడు. "ఏది తొమ్మిదిలో లేదో, వాళ్ళు ఏ మాట అన్నారో అదే మాట రాయక్కా. నీకు వచ్చిన అక్షరాల్లోనే రాయి" అన్నాడు. తెలుగులో రాశాను. అతనికి తెలుగు చదవడం రాదు. మొదట్లో పొద్దున్నే వచ్చి నా చేత చదివించుకునేవాడు. తర్వాత నా దగ్గరే ఓనమాలు నేర్చుకున్నాడు. ఏడాదికి పదో గడి మట్టుకు తనే చదువుకునేవాడు. బస్సు బోర్డు చదవమంటే ఇప్పటికీ రాకపోవచ్చు కానీ 'మొండికేసింది', 'ఉడుకెక్కింది', 'అలిగింది' అంటే అతనికి ఏ పనిముట్టు తీసుకెళ్ళాలో తెలుసు. రిజిస్టర్‌లో ఫిర్యాదులు మళ్ళీ రెండింతలయ్యాయి. దాన్ని మాత్రం ఎవరూ నోటీసు బోర్డులో వేయలేదు.

రెండేళ్ళకు పెద్దాయన రిటైరయ్యాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం, షిఫ్టు దిగేముందు, ఫర్నేస్ నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా."

"చెప్పప్పా."

"ఏమీ లేదు. డొక్క బాగా ఆడతా ఉండాది."

"సరేప్పా" అన్నాను. వేరే ఫోన్లు మోగుతున్నాయి, మోగనిచ్చాను. రిజిస్టర్ తెరిచి, టైము వేసి, పదో గడిలో ఆ మాట ఆయన అన్నది అన్నట్టే రాశాను. మర్నాడు పొద్దున ఇంజనీర్ వచ్చి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు. ఏం చేయాలో అడగలేదు. పక్కన సంతకం పెట్టాడు.